సున్నం గీతలు, మైకు కూతలు, ఒక వారం

సంక్రాంతి సెలవులు అయిపోయి పిల్లలు హాస్టళ్ళకు తిరిగొచ్చిన కొన్నాళ్ళకు గ్రౌండు పక్కన సున్నం బస్తాలు దిగేవి. అవి దిగాయంటే కాలేజీ వారోత్సవాలు దగ్గరపడ్డాయని చుట్టుపక్కల ఊళ్ళకూ తెలిసిపోయేది. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎనభైల్లో, తొంభైల్లో చదువుకున్నవాళ్ళకు ఆ వారం సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దున ఆటలు, సాయంత్రం ఉపన్యాసం, రాత్రి నాటికో, రేకు తప్పెటలు కొడుతూ ఆడే తప్పెటగుళ్ళో. అప్పట్లో రెండు జిల్లాల డిగ్రీ కాలేజీలూ ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. ఎచ్చెర్లలో ఉన్నది పీజీ కేంద్రం. 2008లో అదే అంబేద్కర్ విశ్వవిద్యాలయం అయింది.

ఆ రోజుల్ని తలుచుకుంటే అందరికీ బహుమతులు, పాటలు, ఫొటోలు గుర్తొస్తాయి. వాటి వెనక ఉన్న పనితనం కూడా గుర్తుపెట్టుకోదగ్గదే. ఉన్నది ఒకటే గ్రౌండు. పొద్దున అది కబడ్డీ కోర్టు, సాయంత్రానికి సభాస్థలి, రాత్రికి ప్రదర్శనల చోటు. ఒకే నేలను రోజుకు మూడు రకాలుగా మార్చి, మళ్ళీ తెల్లారేసరికి మొదటి రూపానికి తేవాలి. ఆ వారం అసలు విద్య అదే.

కబడ్డీ కోర్టుతోనే మొదలుపెడదాం, మన జిల్లాల్లో జనం ముందు మూగేది అక్కడే కనక. మగపిల్లల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆడపిల్లలది 12, 8. నాలుగు మూలలా మేకులు కొట్టి తాడు కట్టగానే గీత పోసేయకూడదు. మూల తిన్నగా వచ్చిందా అన్నది ముందు చూడాలి. మూల నుంచి ఒక వైపు 3 మీటర్లు, రెండో వైపు 4 మీటర్లు కొలిచి ఆ రెండు గుర్తులకూ మధ్య టేపు పెడితే సరిగ్గా 5 రావాలి. నాలుగు మూలలూ అయ్యాక ఎదురెదురు మూలలకు ఏటవాలుగా టేపు లాగితే మగపిల్లల కోర్టుకు రెండు వైపులా 16 మీటర్ల 40 సెంటీమీటర్లు రావాలి. ఒక వైపు జానెడు ఎక్కువొచ్చిందంటే కోర్టు వాలిపోయినట్టే. కంటికి అది తెలియదు. ఫైనల్లో ఆఖరి కూతకు వెళ్ళినవాడి కాలు గీత దాటిందా లేదా అని రెండు జట్లూ రిఫరీ మీదకు వచ్చినప్పుడు తెలుస్తుంది.

మగపిల్లల కోర్టులో నడిగీత నుంచి బాక్ లైను, అంటే కూతకు వెళ్ళినవాడు దాటి తీరాల్సిన గీత, 3.75 మీటర్లు, దాని వెనక మరో మీటరుకు బోనస్ లైను. అటూ ఇటూ మీటరు వెడల్పు పట్టీలు, అంటే లాబీలు, ఆ 10 మీటర్లలోనే వస్తాయి. లాబీలను బయట కలిపేస్తే కోర్టు 12 మీటర్లయిపోతుంది. కొత్తగా పనిలోకి దిగిన కుర్రాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

నేల తయారీ కొలతలకన్నా పెద్ద పని. మన గ్రౌండ్లు చాలామటుకు ఎర్రమట్టి, గరుకు గ్రావెలు. జానెడు లోతు తవ్వి, రాళ్ళేరి, మట్టి జల్లించి, రంపపు పొట్టు కలిపి చదును చేసేవారు. పొట్టు కలిస్తే మట్టి గుల్లగా ఉంటుంది, పడినవాడి మోచేతులు చెక్కుకుపోవు. నీళ్ళు చదరపు మీటరుకు రెండు లీటర్ల లెక్కన పెద్ద బిందెలతో పదిహేను దాకా పట్టేవి. ఎన్ని నీళ్ళు పోశామన్నది ఒకటైతే, ఎప్పుడు పోశామన్నది ఇంకొకటి. గ్రౌండు చూసుకునే పెద్దాయన ఎవరైనా ఒకటే మాట చెప్పేవారు: "నీళ్ళు రేత్రే కొట్టీయాల బాబూ, పొద్దుట కొడితే గుంటలు జారిపడతారు." గుంటలంటే మా వైపు పిల్లలు. పొద్దున చల్లితే పైపొర బురదై అడుగున పొడిగా ఉంటుంది, కాలు ఆనదు. రాత్రి పోసిన నీరు తెల్లారేసరికి లోపలికి ఇంకి, పైన మెత్తగా ఆరి ఉంటుంది.

సున్నం గురించి ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. కబడ్డీలో కుర్రాడు గీత మీద మొహం ఆనించి పడతాడు. సరిగా చల్లారని సున్నం చెమట తగిలితే చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే మరీ ప్రమాదం. అందుకే తెలిసినవాళ్ళు కబడ్డీ, ఖోఖో గీతలకు ముగ్గుపిండి వాడేవారు. సున్నం పరుగుల ట్రాకుకే ఉంచేవారు. కంట్లో పడితే నలపకుండా బిందెడు నీళ్ళు ధారగా పోసి, ఆగకుండా కడిగి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి.

ట్రాకు వెయ్యడంలో చిక్కంతా 400 మీటర్ల పరుగులోనే. లోపలి గీత వెంట పరుగెత్తేవాడికి వంపు దగ్గర దారి తక్కువ, బయటివాడికి ఎక్కువ. ఆ తేడా పోవాలంటే బయటి లేన్ల వాళ్ళు ముందు నుంచి మొదలవ్వాలి. లేను వెడల్పు 1.22 మీటర్లయితే రెండో లేనుకు 7.04 మీటర్లు, ఆ తరవాత ఒక్కో లేనుకు మరో 7.67 మీటర్ల చొప్పున ముందుకు జరపాలి. అడుగులతో కొలిచి ఉజ్జాయింపుగా జరిపితే రెండో బహుమతి రావలసినవాడికి మొదటిది దక్కుతుంది. 200 మీటర్ల పరుగుకు వంపు ఒకటే కాబట్టి అందులో సగం చాలు.

షాట్‌పుట్ వృత్తం వ్యాసం 2.135 మీటర్లు. గుండు మగపిల్లలకు 7.26 కిలోలు, ఆడపిల్లలకు 4 కిలోలు. లాంగ్‌జంప్‌లో దూకినవాడు వెనక్కి చెయ్యి ఆనిస్తే ఆ చేతి గుర్తు నుంచే కొలవాలి. కాళ్ళ గుర్తు నుంచి కొలిచేసి "నా దూరం ఇదీ" అని పట్టుబట్టేవాళ్ళతో వేగడమే ఇసుక దగ్గర కూర్చున్న లెక్చరరు గారి పని.

మ్యాచ్‌లు సర్దడం కాగితం మీద కష్టంగా కనబడుతుంది గానీ లెక్క సులువే. నాకౌట్ పద్ధతిలో ఎన్ని జట్లుంటే అంతకు ఒకటి తక్కువ మ్యాచ్‌లు. పదకొండు జట్లొస్తే పది మ్యాచ్‌లు. పదహారులోంచి పదకొండు తీసేస్తే వచ్చే అయిదు, అన్ని జట్లకు మొదటి రౌండులో బై, అంటే ఆడకుండానే రెండో రౌండుకు వెళ్ళడం. పై సగంలో ఆరు జట్లు, రెండు బైలు. కింది సగంలో అయిదు జట్లు, మూడు బైలు. మగపిల్లల కబడ్డీ ఒక్కో సగం 20 నిమిషాలు, మధ్యలో 5 నిమిషాల విరామం. జట్లు రావడం, టాసు, గొడవలు, అన్నీ కలుపుకుంటే మ్యాచ్‌కు గంట. ఒక్క కోర్టు మీద పది గంటలు. ఎండకు మధ్యాహ్నం వదిలేస్తారు కాబట్టి రెండు రోజులు నిండుగా పడుతుంది. ఈ లెక్క ముందు వేసుకోని ఏడాది కబడ్డీ సెమీస్ ఉపన్యాసం మీదకు వచ్చి పడేది. మన తూర్పు వైపు జనవరి, ఫిబ్రవరుల్లో ఆరు కొట్టేసరికి చీకటి. అయిదున్నరకు విజిల్ ఆఖరుసారి మోగకపోతే ఆ సాయంత్రం సభ పాడయినట్టే.

బరువులెత్తే పోటీ లేకుండా మన వైపు వారోత్సవాలు ఎలా జరుగుతాయి! కలియుగ భీముడని పేరొందిన కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టినవారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. విజయనగరం పక్కన కొండవెలగాడలో ఇంటింటా వెయిట్‌లిఫ్టర్లే. కాలేజీ పోటీలో తరచూ జరిగే తప్పు లెక్కలోది. మగవాళ్ళ బారు 20 కిలోలు, ఆడవాళ్ళది 15. రెండు చివరలా బిగించే కాలర్లు ఒక్కోటి రెండున్నర కిలోలు. వాటిని కలపడం మరిచి బారూ ప్లేట్లూ మాత్రమే లెక్కేస్తే పాపం ఎత్తేవాడు తెలియకుండానే అయిదు కిలోలు అదనంగా ఎత్తుతాడు, కాగితం మీద మాత్రం తక్కువ పడుతుంది.

ఇక సాయంత్రం సంగతి. ఆటలకు నియమాలున్నాయి, అవి నడిపించేస్తాయి. కళలకు పిల్లల ఉత్సాహం ఉంది. ఉపన్యాసానికే ఏ ఆసరా లేదు. దాన్ని నిలబెట్టాలంటే చాలా ముందుచూపు కావాలి. ఆ వారంలో ఏ కాలేజీ ఎంత గొప్పగా చేసిందీ చెప్పాలంటే ఉపన్యాసానికి ఎంతమంది చివరిదాకా కూర్చున్నారో చూస్తే చాలు.

విషయం ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. "సాహిత్యం, సమాజం" లాంటి పేరు పెడితే ముందు వరసలో లెక్చరర్లే మిగిలేవారు. గిడుగు రామమూర్తి పంతులు సవరల భాష ఎలా నేర్చుకున్నారు, గురజాడ కన్యాశుల్కం నాటకాన్ని 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడినప్పుడు ఆ భాష జనానికి ఎందుకంత నచ్చింది, వంశధార, నాగావళి వరదలు ఎందుకొస్తాయి, ఉద్దానం కొబ్బరికీ జీడికీ పట్టే తెగుళ్ళేమిటి, తేలినీలాపురం చింతచెట్ల మీదకు కొంగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి: ఇలా పేరు పెట్టిన రోజున సైకిళ్ళు గేటు బయట దాకా ఆగేవి. తన ఊరి సంగతి పెద్ద చదువున్న మనిషి నోట వినాలని రైతుకూ ఉంటుంది. ఆ మాట వారోత్సవాలు నడిపే కార్యదర్శికి తెలిసి ఉండాలి, అంతే.

వక్తను వేళకు రప్పించడం రెండో గండం. విశాఖపట్నం నుంచి రైల్లో వచ్చేవారికి శ్రీకాకుళంలో స్టేషను లేదు. ఆమదాలవలసలో దిగాలి, అదే శ్రీకాకుళం రోడ్. అక్కణ్ణుంచి ఊళ్ళోకి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. రైలు అయిదింటికి వచ్చేదయితే అయిదున్నర సభకు ఆయన్ని నమ్ముకోకూడదు. మధ్యాహ్నం బండికే రప్పించి, భోజనం పెట్టి, ఒక గంట పడుకోనిచ్చి, సభకు తీసుకురావాలి. ఆకలి మీద, ప్రయాణపు అలసట మీద ఎంత పండితుడైనా అరగంటలో మూటగట్టేస్తాడు.

మూడోది మైకుసెట్టు. అద్దెకు తెచ్చే సెట్టులో ఒక యాంప్లిఫయరు, రెండు మైకులు, రెండో నాలుగో హారన్లు, రెండు స్పీకరు పెట్టెలు ఉండేవి. మైకు కూత పెట్టడానికి కారణం ఒకటే: పెట్టెలోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకి దూరడం. పెట్టెలు ఎప్పుడూ మైకుకన్నా ముందుకు, జనం వైపు తిరిగి ఉండాలి. వేదిక వెనకో, మైకు పక్కనో పెట్టి వాల్యూమ్ తగ్గించుకుంటూ కూర్చుంటే కూత ఆగుతుందేమో గానీ మాట వినబడదు. ఇంకో పొరపాటు, వెనక కూర్చున్నవాళ్ళ కోసమని గ్రౌండు చివర చెట్టుకు ఒక హారన్ కట్టడం. శబ్దం సెకనుకు ఇంచుమించు 340 మీటర్లు పోతుంది. ఆ హారన్ వేదికకు 34 మీటర్ల దూరంలో ఉంటే ఒకే మాట సెకనులో పదో వంతు తేడాతో రెండుసార్లు చెవిన పడుతుంది. నూరు మీటర్లు దాటితే వక్త తనను తాను వెక్కిరించుకుంటున్నట్టుంటుంది. హారన్లు వేదికకు రెండు పక్కలా ఎత్తుగా కట్టి జనం నడుమకు వంచితే చాలు. మైకు తీగను కరెంటు తీగ పక్కనే పొడుగ్గా లాగితే సభ అంతా గుయ్యిమని రొద. రెండూ ఎదురైన చోట అడ్డంగా దాటించాలి. కరెంటు పోవడం మామూలే కాబట్టి అద్దె జనరేటరు ఉంటే దాన్ని మైదానం అవతల, గాలి జనం మీదకు కొట్టని వైపు పెట్టాలి. అది లేని చోట రెండు పెట్రోమాక్స్ లైట్లు వెలిగించి సిద్ధంగా ఉంచేవారు.

జనం కూర్చునే చోటు కబడ్డీ కోర్టుకు అవతలి పక్క ఉండాలి. రేపటి ఆట కోసం ఈ రాత్రి నీళ్ళు కొట్టాల్సిన నేల మీద జంపకానాలు పరిస్తే రెండూ చెడతాయి. ముందు జంపకానాలు, వెనక తరగతి బెంచీలు. ఒక్కో బెంచీ అడుగున సుద్దతో గది నంబరు రాసే అలవాటు కొన్ని కాలేజీల్లో ఉండేది. వారం అయ్యాక ఏ బెంచీ ఏ గదిదో తేలక లెక్చరర్లు కొట్లాడుకోకుండా ఆ సుద్దగీత కాపాడేది.

సభ నడిచే తీరులో ఒక చిన్న మార్పు ఎంతో మేలు చేసింది. అధ్యక్షుడు మొదట అయిదు నిమిషాలని లేచి అరగంట లాగితే అసలు వక్త మైకు అందుకునేసరికి జనం లేవడం మొదలయ్యేది. తెలివైన కార్యదర్శులు అధ్యక్షుడి మాటలు ఆఖరుకు పెట్టారు. వక్తకు నలభై అయిదు నిమిషాలు, ప్రశ్నలకు ఇరవై. ప్రశ్నలు మైకులో అడగనివ్వకుండా చీటీల మీద రాయించి పళ్ళెంలో పోగు చేసేవారు. మైకిస్తే ప్రశ్న అడిగేవాడు తానే ఒక ఉపన్యాసం చెబుతాడు. చీటీ మీద మూడు వరసలకన్నా పట్టవు. పైగా లేచి నిలబడి అడగడానికి బిడియపడే ఆడపిల్లల ప్రశ్నలన్నీ ఆ పళ్ళెంలోంచే వచ్చేవి. అన్నిటికన్నా మంచి ప్రశ్నలు వాళ్ళవే. ఆఖరి బస్సుకు అరగంట ముందు వందన సమర్పణ అయిపోవాలి. లేకపోతే పల్లెల నుంచి వచ్చినవాళ్ళు మధ్యలో లేచిపోతారు, తప్పు వాళ్ళది కాదు.

వక్తకు పూలదండ కాకుండా పొందూరు ఖద్దరు కండువా వేసేవారు. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికి నేసిన గుడ్డ. పట్టుకుంటే గాలిలా ఉంటుంది. దానికి తోడు పలాస జీడిపప్పు పొట్లం, వీలున్న చోట బుడితి ఇత్తడి చెంబు. ప్లాస్టిక్ షీల్డుల కాలం వచ్చాక అవి తగ్గిపోయాయి. అది నిజంగా విచారించాల్సిన సంగతి.

వక్తృత్వం, ఏకపాత్రాభినయం పోటీల్లో తగువులన్నీ మార్కుల దగ్గరే. అయిదు నిమిషాల ప్రసంగం, నాలుగో నిమిషం చివర ఒక గంట, అయిదో నిమిషం చివర రెండు గంటలు. ముగ్గురు న్యాయనిర్ణేతలు, నూటికి మార్కులు, మొత్తం కూడడం. చూడ్డానికి న్యాయంగానే ఉంది. ఒకసారి కాగితం మీద వేసి చూడండి. మొదటి నిర్ణేత ముగ్గురు పిల్లలకు 70, 68, 66 ఇచ్చారు. రెండోవారు 72, 70, 69. ఇద్దరికీ మొదటివాడే మొదట. మూడోవారు చెయ్యి జారవిడిచి 40, 60, 90 వేశారు. కూడితే 182, 198, 225. ఇద్దరు ఆఖరున ఉంచిన పిల్లవాడికి మొదటి బహుమతి! మార్కుల మధ్య ఎక్కువ ఎడం పెట్టేవారి చేతికి పోటీ అంతా వెళ్ళిపోతుంది. దీనికి మందు, మార్కుల్ని స్థానాలుగా మార్చి కూడడం. మొదటివాడికి 1, 1, 3 కలిసి అయిదు, రెండోవాడికి ఆరు, మూడోవాడికి ఏడు. తక్కువ వచ్చినవాడు గెలిచాడు. ఈ పద్ధతి పాటించిన చోట బహుమతి రోజు గొడవలు చాలా తగ్గాయి.

రాత్రి కళల్లో తప్పెటగుళ్ళకు సాటి లేదు. పదిహేను, ఇరవై మంది గొల్ల కళాకారులు గుండెల మీద గుండ్రని రేకు తప్పెటలు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో వలయంగా తిరుగుతూ ఎగురుతారు, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడతారు. వాళ్ళను బల్లలు కలిపి కట్టిన వేదిక ఎక్కించడం ప్రమాదం. నలభై కాళ్ళు ఒకే తాళానికి పడితే బల్లలు విడిపోతాయి. నేల మీదే ఆడించాలి. వలయానికి పది మీటర్లు కావాలి, అంటే ఇంచుమించు కబడ్డీ కోర్టే. అందుకే ఆ మెత్తటి నేల వాళ్ళకు ఇచ్చేవారు. కింద పడినా దెబ్బ తగలదు. ఆట అయ్యాక అదే నేల గట్టిపడి చట్టులా తయారవుతుంది. రాత్రి పదకొండింటికి పార పట్టుకుని పైమట్టి కదిపి, నీళ్ళు కొట్టి, పొద్దున్నే గీతలు మళ్ళీ వెయ్యాలి.

మైకు ఇక్కడ మరో రకంగా పెట్టాలి. రేకు మోతకు మైకు అక్కర్లేదు, పాటకే కావాలి. పాట చెప్పే నాయకుడి రెండు చేతులూ తప్పెట మీదే ఉంటాయి. అందుకని ఒక కుర్రాడు మైకు పట్టుకుని ఆయన వెంట వలయంలో తిరిగేవాడు. తీగ కాళ్ళకు చుట్టుకోకుండా ఇంకొకడు వెనక నుంచి అందించేవాడు. ఆ ఇద్దరికీ ముందు రోజే ఆ అడుగులు చూపించి ఉంచాలి.

జముకు అనే తీగ కట్టిన తోలు వాద్యంతో కథ చెప్పే జముకుల కథవాళ్ళు వచ్చినప్పుడు "గంటలో ముగించండి" అని చెప్పడం మర్యాదా కాదు, వీలూ కాదు. అది రాత్రంతా సాగే కథ. ఏ ఘట్టం చెబుతారని అడిగితే వాళ్ళే గంటకు సరిపడేది ఎంచుకుంటారు. జముకు శబ్దం తీగ లాగే చోట కాకుండా తోలు ఉన్న వైపు నుంచి వస్తుంది, మైకు అక్కడ ఉండాలి. డప్పు కళాకారులకు గడ్డి మంట కోసం చోటు చూపించాలి. చలికాలం మంచుకు తోలు వదులై మోత చచ్చిపోతుంది, మధ్య మధ్య కాచుకోవాలి. ఆ మంట షామియానాకు దూరంగా, గాలి వాలున ఉండేలా చూసుకోవాలి. విజయనగరం సంగీత కళాశాల 1919 నుంచి ఉన్న చోటు కదా, ఒక రాత్రి కచేరీ తప్పకుండా ఉండేది. మంచు మృదంగాన్నీ వదలదు. పాట సగంలో శ్రుతి దిగిపోతుంది. కచేరీని ఏడింటికి పెట్టి నాటికలు ఆ తరవాత వేస్తే ఆ బాధ సగం తప్పుతుంది.

నాటికల దగ్గర కాలమంతా తినేసేది రంగం మార్చడం. నాటిక నలభై నిమిషాలే, దాని ముందు తెర వెనక గంట. ఒక జట్టు సామాను దింపుతుండగానే రెండో జట్టు సామాను మరో పక్క నుంచి ఎక్కాలి. ఎక్కే మెట్లు ఒక వైపు, దిగే మెట్లు ఇంకో వైపు కట్టిన వేదిక మీద పావుగంటలో అయిపోయేది. ఒకే వైపు మెట్లున్న చోట అర్ధరాత్రి దాటేది.

ఆఖరి రోజు బహుమతులు ఇచ్చి జనం వెళ్ళిపోయాక ఉన్న పని అందరికీ కనబడదు. షామియానా గుంజలు పీకిన గుంతలు ఆ రాత్రే పూడ్చాలి. తెల్లారి మేతకొచ్చే పశువుల కాళ్ళు అందులో పడతాయి. జంపకానాలు దులిపి లెక్క పెట్టి, మైకు తీగలు ముడి పడకుండా చుట్టి, మేకులు పీకి, టేపు తడి తుడిచి ఆటలు నేర్పే పీడీ గారి గదిలో పెట్టేవారు. బెంచీలు అడుగున ఉన్న సుద్ద నంబరు చూసుకుంటూ ఒక్కొక్క గదికీ చేరేవి. ట్రాకు సున్నం గీతలు మాత్రం ఏ వేసవి జల్లో పడేదాకా అలాగే ఉండేవి. పరీక్షలకు చదువుకునే పిల్లలు సాయంత్రాలు పుస్తకం పట్టుకుని వాటి వెంటే నడిచేవారు.